నాన్న నమూనాలు, మామయ్య కంప్యూటర్

మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, కంప్యూటర్లు బాగుచేస్తాడు. పని వచ్చు, మాటలు అంతకన్నా ఎక్కువ వచ్చు. బూట్లు కుట్టే మా వర్క్‌షాపులో మూడు పాత కంప్యూటర్లుండేవి. బిల్లులకొకటి, సరుకుకొకటి, నాన్నకొకటి. ఒకదాని ప్రోగ్రామ్ ఇంకోదానిలో నడవదు. మామయ్య మూడింటినీ తీసేయించి, ఒక పెద్ద కంప్యూటర్ తెచ్చి, దాని లోపలే మూడు కంప్యూటర్లున్నట్టు ఏర్పాటు చేశాడు. వాటిని వర్చువల్ మెషీన్లంటారట. ఒకే ఇంట్లో మూడు వేరు కాపురాలన్నమాట.

"ఒకదానికి జబ్బు చేసినా పక్కదానికి అంటదు బావా" అన్నాడు కాలరెగరేస్తూ.

ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు, పాదం వంకర తిరిగినవాళ్లకు తోలు ఎలా కత్తిరించాలో మా దగ్గర నాన్నకే తెలుసు. చూపు నిలవదని డాక్టరు చెప్పాక, ఆ కాస్తా పోయేలోపే అట్టల మీదున్న నమూనాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలని కూర్చున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా భూతద్దం వదిలేవాడు కాదు. ఎక్కించిన అట్టల్ని మామయ్యే పారేయించాడు.

"ఇంకా ఈ చెత్తెందుకు బావా, లోపల భద్రంగా ఉన్నాయిగా."

మెషీన్లు పెట్టిన రోజే ఒక్కోదాన్నీ ఉన్నదున్నట్టు దాచి ఉంచాడు మామయ్య. పాడైతే మళ్లీ ఆ రోజు స్థితికి తీసుకుపోవచ్చు. తర్వాత చేసిన పనంతా మాత్రం తుడిచిపెట్టుకుపోతుంది. విడిగా ఇంకెక్కడా కాపీ పెట్టాలని ఆ మహానుభావుడికి తోచలేదు.

ఏడాది తిరిగాక బిల్లుల మెషీన్ మొండికేసింది. బిల్లులు ఎలాగూ కాగితాల మీద ఉన్నాయి కాబట్టి దాన్ని వెనక్కి తిప్పేద్దామన్నాడు మామయ్య. ఫోన్‌లో ఎవరికో కోతలు కోస్తూనే పని కానిచ్చాడు. తెరమీద మూడూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఆయన వెనక్కి తిప్పింది నాన్న మెషీన్‌ని.

నేను మామయ్యను నోటికొచ్చినట్టు తిట్టాను. నాన్న మాత్రం తిట్టలేదు.

"అట్టలేమైనా మిగిలాయేమో చూడమ్మా" అన్నాడు నాతో. ఒక్కటీ మిగల్లేదు.

అప్పటికే నాన్నకు మనుషులు నీడల్లా కనిపిస్తున్నారు. మామయ్య రోజూ సాయంత్రం వచ్చి, పోయిన నమూనాలను నాన్న చెబుతుంటే గీసి, అట్ట కత్తిరించేవాడు. పాపం, ఆ చేతికి వంపు తిరిగేది కాదు. నాన్న అంచు మీద వేలు పోనిచ్చి, "మడమ దగ్గర పోయిందిరా, మళ్లీ గియ్యి" అనేవాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకునే మనిషి కాదు. ఆయన చేతికి అట్ట ఇవ్వాలంటే పనివాళ్లకు హడల్.

ఒక సాయంత్రం మామయ్య అదే వంపు గీసి చెరిపి, గీసి చెరిపి, చివరికో అట్ట ఇచ్చాడు. నేను చూశాను, అది ఎవరి కాలికీ పనికిరాదు. నాన్న వేలు అంచు వెంబడి వెళ్లి, మడమ దగ్గర ఆగింది.

"బాగా కుదిరిందిరా. ఇక చాలు, ఇంటికెళ్లు."

మామయ్య కుర్చీలోంచి లేవలేదు.

"తిట్టు బావా" అన్నాడు.

నాన్న అప్పటికే గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోతున్నాడు.