వంటింట్లో పండిన దోసకాయలు

మా అత్తయ్య పట్నం కాపురానికి విత్తనాల గొర్రు వెంట తెచ్చుకున్న మనిషి. మాచవరం దగ్గరి పొలం అమ్మేసి, మా ఆయన కోర్టు ఉద్యోగం కోసం నరసరావుపేట చేరినప్పుడు, బండిలో మంచాలకంటే ముందు ఆ చిన్న గొర్రునే ఎక్కించింది. నేనప్పుడు కొత్త కోడల్ని. "పేటలో దీంతో ఏం పని అత్తయ్యా?" అంటే, నడుముకు చెక్కుకున్న గుడ్డమూట తడుముకుంది. అందులో వాళ్ళమ్మ చేలో కాసిన రకం దోస విత్తనాలున్నాయి.

"పాతబడిపోతన్నయ్యే. ఈ ఏడు నేలలో పడకపోతే ఇంక మొలవ్వు" అని ఒకటే దిగులు.

మా పక్కనే ఒక ఖాళీ స్థలం ఉండేది. నిండా తుమ్మకంప, పగిలిన కుండలు, పందులు. స్థలం ఆసామి మిరపకాయల వ్యాపారి. అత్తయ్య, పక్కింటి మిషన్ స్కూలు పంతులమ్మ, నేను కలిసి ఆయన కొట్టుకు వెళ్ళాం. మీరు ఇల్లు కట్టేదాకా కూరా నారా వేసుకుంటాం, వీధి వీధంతా కోసుకుంటుంది అని చెప్పాం.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "చెట్టు మాత్రం పెట్టొద్దు పెద్దమ్మా. మునగకొమ్మ పాతినా రేపు స్థలం మాదేనంటారు. పునాది తియ్యటానికి వచ్చిన్నాడు మారుమాట లేకుండా ఖాళీ చెయ్యాల."

"మాటిచ్చా నాయనా" అంది అత్తయ్య.

ఆడవాళ్ళందరం కలిసి కంప కొట్టాం. చేతులనిండా ముళ్ళు దిగినా నాకు పండగలాగే ఉంది. భాద్రపదంలో మంచి వాన పడగానే అత్తయ్య అటక మీద నుంచి గొర్రు దించింది.

"మళ్ళు కట్టి చల్లుదాం పిన్నీ" అంది పంతులమ్మ.

"చల్లటమేంది? ఇత్తనం గొర్రుతోనే పడాల!"

ఎడ్లు తిరగటానికి చోటు లేదు. అత్తయ్య మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. సంగతి అర్థమై నాకు ఒళ్ళంతా ఉత్సాహం పొంగింది. కొంగులు దోపి, గొర్రుకు కట్టిన తాళ్ళు చెరో భుజాన వేసుకుని లాగాం. గోంగూర గింజల్లో మూటలోని దోస విత్తనాలన్నీ కలిపేసి, గొర్రు మీది చెక్కగిన్నెలోకి గుప్పిట్లోంచి వదులుతూ అత్తయ్య వెనక నడిచింది.

"ఏమే కోడలా, ఎడమకి! సాలు వంకర పోతంది!"

వీధంతా గోడలెక్కి నవ్వింది. నవ్వితే నవ్వారు, పెళ్ళినాడు కూడా నాకంత సంబరం లేదు.

గోంగూర విరగబడి పెరిగింది. ప్రతి ఇంట్లో అదే పులుసు, అదే పచ్చడి. దోసతీగలు ఎటుపడితే అటు పాకి పిందెలు వేశాయి. కార్తీకంలో ఆసామి వచ్చి "రేపే ముహూర్తం పెద్దమ్మా" అన్నాడు.

కాయలు ఇంకా పచ్చివి. పండితేగానీ గింజ ముదరదు, మూట చూస్తే ఖాళీ. నేను నోరు తెరవబోతే అత్తయ్య నా చెయ్యి గట్టిగా నొక్కింది.

మర్నాడు మేస్త్రీ ముగ్గుతో పునాది గీతలు గీశాడు. అత్తయ్య తనే వెళ్ళి తీగల దగ్గర కూర్చుంది. పీకటానికి చెయ్యి వేసింది గానీ ఒక్కో కాయనూ నిమురుతూ ఉండిపోయింది. అది చూసి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మాటిచ్చింది ఆమె, నేను కాదుగా! గబగబా తీగల చుట్టూ ఉన్న గీతల మధ్యకు నడిచి ఆసామిని అడిగాను.

"బాబాయిగారూ, ఇది ఏ గది?"

"వంటిల్లమ్మా."

"గీతలున్నచోట గోడలొస్తాయి. గోడలు లేచేదాకా గది నడుమ తవ్వే పనేమన్నా ఉందా?"

ఆసామి మేస్త్రీ వంక చూశాడు. లేదన్నట్టు మేస్త్రీ తల ఊపాడు. ఆసామి మళ్ళీ గడ్డం గోక్కుని, "చెట్టు కాదుగా, తీగేగా. ఉండనియ్యండి" అన్నాడు.

అబ్బ, ఆ రోజులు! చుట్టూ రాళ్ళ గోడలు లేస్తుంటే, కప్పు లేని వంటింట్లో దోసకాయలు పసుప్పచ్చగా పండాయి. కూలీలు కూడా తీగ తొక్కకుండా అడుగులు వేసేవారు. గింజలు తీసి, పురుగు పట్టకుండా పేడలో కలిపి, పిడకలుగా మా గోడకు కొట్టాం. ఆరాక అత్తయ్య ఇంటికొకటి పంచింది, ఆసామి ఇంటికి కూడా.

"మరి నాకేది అత్తయ్యా?"

ఆమె తన నడుము నుంచి గుడ్డమూట తీసింది. అది మళ్ళీ నిండుగా ఉంది. దాన్ని నా నడుముకు చెక్కి, చెవి దగ్గర మెల్లగా అంది:

"సందు చివర ఖాళీ జాగా చూశావటే? రేపెళ్ళి అడుగుదాం. మాట నేనిస్తా. నువ్వు మాత్రం ఇయ్యమాక."