ముందు సీట్లో అత్తయ్యగారు

మొన్న భీమవరంలో దగ్గర బంధువుల పెళ్ళికి వెళ్తే, కల్యాణమండపం గుమ్మంలో తెల్లటి పాత అంబాసిడర్ కారు ఒకటి బంతిపూల దండలతో నిలబెట్టి ఉంది. పెళ్ళికొడుకుని ఊరేగించడానికి కాబోలు అనుకున్నాను గానీ, కాదట, ఫోటోల కోసం అద్దెకి తెచ్చారట. వధూవరులిద్దరూ అందులోకి ఎక్కి, కిటికీలోంచి తలలు బయటపెట్టి నవ్వి, ఫోటోలు తీయించుకుని దిగిపోయారు. బండి మాత్రం ఉన్నచోటునుంచి కదల్లేదు. అందరూ భోజనాలకి లేచాక నేను నెమ్మదిగా వెళ్ళి వెనక తలుపు తెరిచాను. ఎండకి కాగిన రెగ్జిన్ వాసన, దానికింద ఎక్కడో పెట్రోలు వాసన. అరవైకి దగ్గరపడుతున్న నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మన ఈడువాళ్ళకి ఆ వాసన గురించి వేరే చెప్పక్కర్లేదు.

నేను తొంభైల మొదట్లో మండపేట దగ్గర ఒక పల్లెకి కాపురానికి వచ్చాను. మా మావయ్యగారికి వరి పొలం, కాస్త కొబ్బరితోట ఉండేవి. వ్యవసాయం ఆయనకి బతుకుతెరువు, కార్లు ఆయనకి పిచ్చి. కొత్తకారు కొనగలిగిన రోజుల్లో కూడా కొనలేదు. ఎవరో వాడి, విసిగి, పక్కన పడేసిన బండిని తెచ్చుకుని, దాన్ని మళ్ళీ నడిపించడంలోనే ఆయనకి ఆనందం. నేను వచ్చేనాటికి పశువుల పాక పక్కన ఒక చిన్న హెరాల్డ్ కారు ఉండేది. దాని బానెట్ మొత్తం మొసలి నోరు తెరిచినట్టు ముందుకి లేచేది. అప్పటికే అది నడవడం మానేసి, మా కోళ్ళకి వెనకసీటు పురిటిల్లైంది. పొద్దున్నే గుడ్ల కోసం కారు తలుపు తీసే ఇల్లు బహుశా ఆ చుట్టుపక్కల మాదొక్కటే.

నడిచే బండి మాత్రం ముదురాకుపచ్చ రంగు అంబాసిడర్. ఎవరో మిల్లు యజమాని దగ్గర చాలా ఏళ్ళు పనిచేసి, వయసు మీదపడ్డాక మా ఇల్లు చేరింది. పాతకాలపుది కాబట్టి గేరు స్టీరింగు పక్కనే ఉండేది, హ్యాండు గేరు అనేవాళ్ళం. ముందు సీటు బల్లలాగా ఒకటే. కుడివైపు మలుపు తిరిగితే వెనక ఎడంపక్క తలుపు తనంతట తాను తెరుచుకునేది, అందుకని అటు కూర్చున్నవాళ్ళు తలుపుని తువ్వాలుతో కట్టి ఆ కొస చేత్తో పట్టుకోవాలి. అద్దాలు దించే పిడి ఒక్కటే మిగిలింది. ఎవరికి గాలి కావాలంటే వాళ్ళకి అందించుకునేవాళ్ళం. వాన పడితే లోపల గొడుగు వేసుకునేవాళ్ళం. ఇంజను వేడెక్కినప్పుడల్లా కాలవలోంచి నీళ్ళు ముంచి పోయడానికి డిక్కీలో ఎప్పుడూ ఒక సత్తు బిందె ఉండేది. నా పుట్టిల్లు భీమవరం అవతల. రావులపాలెం మీదుగా సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన దాటి అక్కడికి చేరేలోపు ఎన్నిసార్లు ఆగేవాళ్ళమో చెప్పలేను. ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు వచ్చి పలకరించేవారు, కొబ్బరిబొండాం కొట్టిచ్చేవారు. నాకు ఇప్పటికీ ఆ దారిలో గుర్తున్నవి ఊళ్ళు కాదు, మేం ఆగిపోయిన చెట్టునీడలు.

అత్తయ్యగారు మెత్తని మనిషి. ఇంట్లో ఆవిడ గొంతు పెరట్లోకి కూడా వినపడేది కాదు. అడిగినదానికి జవాబు, లేకపోతే చిన్న నవ్వు, అంతే. అలాంటి మనిషి కారెక్కితే చాలు, మాట ఆపేవారు కాదు. మావయ్యగారి పక్కన ముందు సీట్లో సర్దుకుని కూర్చుని, బండి వీధిలోకి వచ్చిన దగ్గర్నుంచీ మొదలుపెట్టేవారు. ఎడంపక్క గేదెలు దిగుతున్నాయండీ, ఎదురుగా సైకిలండీ, దాని వెనక పాలక్యాను ఉంది, ఇదిగో కల్వర్టు వచ్చేసింది, ఇక్కడ గట్టు కోసుకుపోయిందండీ, కాస్త కుడికి. మావయ్యగారు విసుక్కున్నట్టు ముఖం పెట్టి, నాకు కనపడుతుందిలేవే అనేవారు. ఆవిడ ఆపేవారు కాదు, ఆయన కూడా గట్టిగా ఆపమనేవారు కాదు. మావారు కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఆయనకి స్కూటరు తప్ప వేరే వాహనం అంటే భయం. చిన్నప్పుడొకసారి హెరాల్డ్‌ని గడ్డివాములోకి పోనిచ్చారట, మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. ఆయన వెనకసీట్లో కూర్చుని వాళ్ళమ్మగారి గొంతుతో, ముందు కాకి వాలిందండీ, అది ఎగిరిపోయిందండీ, అని నా చెవిలో అంటుంటే నేను నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకునేదాన్ని. అత్తయ్యగారికి కారంటే భయమనుకున్నాం. ఆ భయమే అలా మాటలై బయటికొస్తోందనుకున్నాం.

మా అమ్మాయికి మూడేళ్ళు వచ్చిన ఏడు కార్తీకమాసంలో ఒక సోమవారం ద్రాక్షారామం వెళ్దామని అనుకున్నాం. మావారికి కాలేజీ ఉంది, మేం ముగ్గురమూ, పిల్లా బయల్దేరాలి. తీరా ఆ సోమవారం నాటికి అత్తయ్యగారికి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. పొద్దున్నే మావయ్యగారు బ్యాటరీ దిగిపోయినట్టుంది, ఇంకో వారం వెళ్దాం అన్నారు. నేనేమో పిల్లకి తలంటి, కొత్త గౌను తొడిగి, పులిహోర డబ్బాలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. పిల్ల ముందే కారెక్కి కూర్చుంది. దాని ముఖం చూసి ఆయన మెత్తబడ్డారు. సెల్ఫ్ కొడితే బండి ఒక్క దెబ్బకే స్టార్టయింది. దిగిపోయిందన్న బ్యాటరీ ఎలా పనిచేసిందని నాకు అనుమానం రాలేదు సరికదా, మా అదృష్టం బాగుందని అనుకున్నాను.

ఊరు దాటి కాలవ గట్టు ఎక్కాం. అత్తయ్యగారు ఆ వేళ మాటకి బదులు ఆయన మోచేతిమీద తడుతూ, చేత్తో అటూ ఇటూ చూపిస్తున్నారు. నేను వెనక తలుపు తువ్వాలు పట్టుకుని, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నీళ్ళమీద పడుతున్న ఎండ చూస్తున్నాను. పక్కన కొబ్బరితోటలోంచి పచ్చి కొబ్బరాకులు ఎత్తుగా వేసుకుని ఒక ఎడ్లబండి గట్టుమీదికి వస్తోంది. మేం దగ్గరికి వస్తున్నాం. వేగం తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. అత్తయ్యగారు రెండు చేతులతోనూ ఆయన చెయ్యి పట్టుకుని లాగారు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నేనే గట్టిగా అరిచాను, ఏమని అరిచానో తెలియదు. మావయ్యగారు బ్రేకు తొక్కడంతో కారు ఊగిపోయి, ముందుచక్రం ఒకటి గట్టు అంచున గడ్డిలోకి జారి, ఇంజను ఆగిపోయింది. ఎద్దు కొమ్ములు మా బానెట్‌కి చేతికందే దూరంలో ఉన్నాయి. అద్దం నిండా పచ్చటి కొబ్బరాకులే.

మావయ్యగారు స్టీరింగు వదలకుండా ముందుకే చూస్తూ అడిగారు.

"ఏంటే అడ్డం వచ్చింది?"

అత్తయ్యగారి పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. నా ఒళ్ళోంచి మా అమ్మాయే చెప్పింది.

"బండి తాతా. కొబ్బరాకుల బండి. ఎద్దు మనల్నే చూస్తోంది."

అత్తయ్యగారు ఆయన చేతిమీద తన చెయ్యి వేసి అలాగే ఉంచారు. ఆవిడ నా వైపు తిరిగి చూసిన చూపులో, ఇన్నేళ్ళుగా ఆవిడ ముందు సీట్లో ఏం చేస్తున్నారో మొత్తం నాకు తెలిసిపోయింది. పిల్ల గురించిన భయంతో నాకు కోపం వచ్చిన మాట నిజమే. ఆ చూపు చూశాక అది మాటగా మారలేదు.

ఎడ్లబండి తోలుకొచ్చినతను దిగి, తోటలోవాళ్ళని పిలిచి మా చక్రాన్ని గడ్డిలోంచి వెనక్కి నెట్టించాడు. ఇంటికి వెళ్ళాలి, నడపగలవాళ్ళు ఎవరూ లేరు. ఊరు దగ్గరే కాబట్టి, పిల్లని చంకనేసుకుని నేను కారుకి ముందు నడిచాను. ఆ వేళ ఎర్రచీర కట్టుకున్నాను. ఆ ఎరుపు నాకు తెలుస్తోందమ్మా, నువ్వు నడు అన్నారు మావయ్యగారు. నా వెనకే మనిషి నడకంత నెమ్మదిగా ఆకుపచ్చ అంబాసిడర్. దారిలో అడిగినవాళ్ళకి బండిలో ఏదో తేడా వచ్చిందని చెప్పాను. ఇల్లు చేరి, మెట్టు మీద కూర్చుని, ఆయన ఎప్పుడూ లేనిది మంచినీళ్ళు తానే అడిగి తాగారు.

రాజమండ్రిలో కంటి డాక్టరుగారు నీటికాసులు, అదే గ్లకోమా, అన్నారు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కలు వేసుకోవాలి. మావయ్యగారికి తన చూపు పక్కలనుంచి మూసుకుపోతూ మసకబారుతోందని ఏళ్ళక్రితమే తెలుసట. నోరు విడిచి ఎవరికీ చెప్పలేదు, భార్యకి కూడా. ఒకరోజు మాత్రం, అప్పటిదాకా వెనక సీట్లో కూర్చునే అత్తయ్యగారిని ఇకమీదట ముందు కూర్చోమన్నారట. ఎందుకండీ అని ఆవిడ అడగలేదట. కూర్చున్నారు, మాట్లాడడం మొదలుపెట్టారు. డాక్టరుగారి దగ్గర్నుంచి బస్సులో తిరిగి వస్తూ, అప్పుడప్పుడే తిరిగొస్తున్న గొంతుతో ఆవిడ నాకీ సంగతి చెప్పారు. కారు లేకపోతే ఆయన ఏమైపోతారో అన్నదొక్కటే ఆవిడ భయం.

ఆ మాటే నన్ను ముందుకి తోసింది. ఒకరోజు మావయ్యగారి దగ్గరికి వెళ్ళి, నాకు కారు నేర్పండి మావయ్యగారూ అన్నాను. ఆయన, దాని గుణాలు నీకు తెలియవమ్మా, మొండిది అన్నారు. తెలుసుకుంటానండి అన్నాను. కోతలూ నూర్పిళ్ళూ అయ్యాక ఖాళీ అయిన కళ్ళంలో రోజూ పొద్దున్నే పాఠం. ఆయన నా పక్కన కళ్ళు మూసుకునే కూర్చునేవారు, ఇంజను చప్పుడుని బట్టే చెప్పేవారు. అది రొప్పుతోంది చూడు, గేరు తగ్గించు. ఇప్పుడు హాయిగా ఉంది, దాని మానాన దాన్ని పోనీ. క్లచ్చి వదలడం రాక నేను బండిని కుప్పిగంతులు వేయిస్తుంటే, కళ్ళం గట్టుమీద కూర్చుని చూసే ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. కోడలు కారు నడపడమేంటని ఊళ్ళో కొందరు అనుకోకపోలేదు. మావారు కూడా మొదట్లో నవ్వారు. నేను లైసెన్సు తెచ్చుకున్నాక మాత్రం బుద్ధిగా వెనక సీట్లో కూర్చుని తువ్వాలు పట్టుకున్నారు.

కార్తీకంలో ఆగిపోయిన ద్రాక్షారామం ప్రయాణానికి మాఘమాసంలో అందరం బయల్దేరాం. నేను స్టీరింగు దగ్గర, పక్కన అత్తయ్యగారు, ఆ పక్కన కిటికీ దగ్గర మావయ్యగారు. ముగ్గురమూ ఆ బల్ల సీటు మీదే. కాలవ గట్టు ఎక్కాం. అత్తయ్యగారు మాట్లాడలేదు. ఇక ఆవిడ చెప్పాల్సిన అవసరం లేదు కదా, దారి నేను చూస్తున్నాను. కారులో అంత నిశ్శబ్దం నాకు కొత్త. అలా చాలాదూరం వెళ్ళాక మావయ్యగారు ముఖం గాలికి పెట్టి, మెల్లిగా అడిగారు.

"ఏవే, ఏం కనిపిస్తోంది?"

ఆవిడ కిటికీ వైపు వంగి, దాళ్వా వరి చేలండీ అన్నారు. ఎంత ఎదిగాయని ఆయన అడిగారు. జానెడు దాటాయి, పచ్చగా ఉన్నాయి, తూము దగ్గర చేలో మాత్రం కొంచెం పసుపు తిరిగింది. కొంగలు వాలాయి, బోలెడు. అదుగో, ఎవరిదో కొత్త డాబా లేస్తోందండీ. గుడి గోపురం కనపడేదాకా ఆవిడ చెబుతూనే ఉన్నారు, ఆయన ఊఁ కొడుతూనే ఉన్నారు. అప్పటిదాకా గేదెలు, సైకిళ్ళు, గుంటలు మాత్రమే చెప్పిన గొంతు అదే. ఈసారి అందులో తొందర లేదు. వెనకనుంచి మావారు ఏదైనా అనుకరిస్తారేమోనని అద్దంలో చూశాను. ఆయన కిటికీలోంచి అటు చూస్తూ కూర్చున్నారు.

ఆ తరవాత పదేళ్ళపాటు మా ప్రయాణాలన్నీ అలాగే సాగాయి. అంబాసిడర్‌కి విడిభాగాలు దొరకడం కష్టమై చివరికి అమ్మేశాం. కొన్నాయన దాన్ని తీసుకెళ్తుంటే మావయ్యగారు గుమ్మంలో నిలబడి, చప్పుడు మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా లోపలికి రాలేదు. కొత్తగా కొన్న చిన్నకారులో తలుపులు వాటంతటవే తెరుచుకోవు, నీళ్ళు పొయ్యక్కర్లేదు, ముందు సీట్లు విడివిడిగా ఉంటాయి. అందుకని వాళ్ళిద్దరూ వెనక సీట్లోకి మారారు.

అప్పటికి నా పుట్టింటి దారిలో చేలు ఒక్కొక్కటే చెరువులవుతున్నాయి. ఒక ఏడు ఈ పక్క, మరుసటి ఏడు ఆ పక్క. చూస్తూండగానే గట్లూ, నీళ్ళూ, రొయ్యల చెరువుల్లో తిరిగే చక్రాలూ తప్ప కనుచూపు మేర వరి లేకుండా పోయింది. ఒకసారి భీమవరం దాటాక మావయ్యగారు ఎప్పటిలాగే, చేలు ఎలా ఉన్నాయే అని అడిగారు. అప్పటికి ఆయనకి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. నేను అద్దంలో అత్తయ్యగారిని చూశాను. ఆవిడ రెండువైపులా ఉన్న నీళ్ళని చూసి, పొట్టమీదున్నాయండీ, ఈ ఏడు బాగా పండుతుంది అన్నారు. ఆయన తృప్తిగా తల వెనక్కి వాల్చారు. కిటికీ అద్దం దించే ఉంది. చెరువుల వాసన ఎలా ఉంటుందో ఆ దారిన వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు, పుట్టుకతో రైతైన ఆయనకి తెలియకుండా ఉంటుందా. అయినా ఆయన ఇంకేమీ అడగలేదు. ఆవిడా ఇంకేమీ చెప్పలేదు. నేను బండి వేగం తగ్గించి నడిపాను.

ఇద్దరూ వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయింది, ప్రయాణం సగానికి తగ్గింది, అద్దాలు దించే పని లేదు. నేను మాత్రం భీమవరం దాటాక కాస్త నెమ్మదిస్తాను. మావారు ఎందుకని అడగరు. ఆ చోట ఒకప్పుడు వరి ఉండేదని తెలిసినవాళ్ళం మా కారులో ఇక మేమిద్దరమే.