మా వీధి మిడ్‌ఫీల్డర్

పోయిన మంగళవారం పొద్దున్నే అత్తమ్మ గోడ అవతలి నుంచి పిలిచింది. "మీ మామ లేస్తలేడు బిడ్డా, జర వచ్చి సూడు." నేను వెళ్లేసరికే అంతా అయిపోయింది. చుట్టరికం ఏమీ లేదు, పక్కిల్లు అంతే. నాచారంలో మా వీధి మొత్తానికి ఆయన మామే.

ఒకప్పుడు దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడిన మనిషి. మిడ్‌ఫీల్డర్. అంటే గోల్ కొట్టేవాడు కాదు, కొట్టేవాడి కాలికి బంతి అందించేవాడు. కలకత్తాలో మిఠాయి దుకాణానికి వెళ్తే జనం చుట్టుముట్టేవారట. "మ్యాచ్ కన్న ఆ దుకాణంల కెళ్లి బయటపడుడే కష్టముండె," అనేవారు. ఆట మానేసి ఇక్కడ స్థిరపడ్డాక గుర్తుపట్టినవాళ్లు తక్కువ. ఉప్పల్‌లో క్రికెట్ స్టేడియం వచ్చాక ఇంకా తక్కువ.

నేను యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఉప్పల్ చౌరస్తా దాటాలంటే భయం. ఒకరోజు బస్సెక్కించడానికి ఆయనే వచ్చారు. "బండ్లను సూస్తే ఈడనే నిలబడ్తవ్. బండ్ల నడుమ జాగను సూడు," అన్నారు. ఇప్పటికీ అక్కడ నా కళ్లు జాగానే వెతుకుతాయి. టీ గ్లాసు అందుకునే ముందు కూడా, మైదానంలోలాగే, ఆయన మెడ ఓసారి కుడికి, ఓసారి ఎడమకి తిరిగేది. "నీ చాయ్ ఎవ్వరు గుంజుకోరు, తాగు," అని అత్తమ్మ వెక్కిరించేది.

ఉప్పల్‌లో క్రికెట్ మ్యాచ్ ఉన్న ఒక రోజున, ఇక్కడో ఇంటర్నేషనల్ ప్లేయర్ ఉన్నాడని విని కొందరు కుర్రాళ్లు బ్యాటు పట్టుకొచ్చి సంతకం అడిగారు. చక్కగా పెట్టిచ్చారు. ఫుట్‌బాల్ అని చెప్పొచ్చు కదా మామా అంటే, "ఆళ్లకు ఆటగాడు గావాలె, దొరికిండు. ఏ ఆటయితే ఏంది?" అని నవ్వారు. అది పెద్దమనసే అనుకున్నాను చాలాకాలం. ఇప్పుడు అంత నమ్మకంగా అనలేను.

చుట్టాలు రావాలని ఆగి, ఆయన్ని బుధవారం శ్మశానానికి తీసుకెళ్లాలనుకున్నాం. పొద్దున వీధి మొగలో కాలనీవాళ్లు కట్టిన ఫ్లెక్సీ చూసి అత్తమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది. 'అంతర్జాతీయ క్రీడాకారునికి అశ్రునివాళి' అని రాసి, ఆయన ముఖం వెనక వికెట్లు, పెద్ద బ్యాటు పెట్టారు. ప్రేమతోనే చేశారు. ఆయన ఆడింది ఫుట్‌బాల్ అని మెల్లగా చెప్పాను. కట్టినాయన నొచ్చుకుని, "ఇప్పుడేం జేస్తం అత్తమ్మా, టైమ్ లేదు," అన్నాడు.

ఆవిడ ఏడవలేదు. "ఇన్నేండ్లు ఆయన ఊకున్నడు. నేను ఊకోను. గా బ్యాటు కిందికెళ్లి ఆయన్ని తీస్కపోనియ్య."

లోపలికెళ్లి, బీరువాలోంచి ఆయన ఆడుతున్నప్పటి ఒక నలుపు తెలుపు ఫొటో తెచ్చి నా చేతిలో పెట్టింది. ఉప్పల్‌లో ఫ్లెక్సీ షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాల్ ఏది మేడం? బాల్ లేకుంటే ఫుట్‌బాలని ఎట్ల తెలుస్తది? ఇంటర్నెట్ల కెళ్లి ఒకటి తీసి కాలు కాడ పెడ్త." అతను చెప్పిందీ నిజమే అనిపించింది. ఎటూ తేల్చుకోలేక అత్తమ్మకు ఫోన్ చేశాను.

"పెట్టొద్దను," అంది. "బాల్ అప్పటికే ఇచ్చేసిండు."

మధ్యాహ్నం ఆయన్ని ఆ కొత్త ఫ్లెక్సీ కిందుగా తీసుకెళ్లాం. పైన పడుచు మనిషి, బురద నిక్కరు, ఇంకా నేలకు ఆనని కుడికాలు. ముందంతా ఖాళీ గడ్డి. ముఖం మాత్రం పక్కకు తిరిగి, ఫొటో అంచుకు అవతల పరిగెత్తుతున్న ఎవరినో చూస్తోంది.