పసుపు అంటిన ఢిల్లీ కాయితం

మా హైస్కూలు రైటరయ్య పోయారు. పోయిన శుక్రవారం పొద్దున బ్యాండేజీ గుడ్డ మూటతో సత్రపట్టిలో టౌను బస్సెక్కాను. టికెట్టు చింపి చేతిలో పెడుతూ కండక్టరు చెప్పాడు. "రైటరయ్య పోయినారు, తెలుసునా? కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినారంట. కూసున్నోరు కూసున్నట్టే." ఆయన ఇల్లుండే హైస్కూలు దగ్గర దిగిపోయాను. మూట బస్సులోనే రాజపాళయం బజారుదాకా వెళ్ళిపోయిందని సాయంత్రానికి గాని గుర్తుకు రాలేదు.

రైటరంటే కథలు రాసేవారు అనుకునేరు. మా వైపు బడి గుమాస్తాను రైటరంటాం. నేను అయిదో క్లాసు దాకా చదివినవాణ్ణి, ఇంట్లో రెండు మగ్గాల మీద బ్యాండేజీ కట్టుగుడ్డ నేసుకునేవాణ్ణి. ఇంత పెద్ద రాత ఎన్నడూ రాయలేదు. ఏడుస్తూ రాస్తున్నానని కూడా అనుకోకండి. ఏడుపు శుక్రవారమే అయిపోయింది. ఇప్పుడు ఆయన్ను తలుచుకుంటే అమ్మయ్య అని గుండె తేలికపడుతోంది. సంతోషం పట్టలేకుండా ఉన్నాను. ఎందుకో చెబుతాను.

ఆదివారం పొద్దున ఆయన ఇంటి అరుగు మీద చోటు దొరికేది కాదు. పిల్లల ఫీజు సాయానికి, హాస్టలుకు, సర్కారు ఉపకార వేతనానికి అర్జీలు పట్టుకుని సత్రపట్టి నుంచి, చోళపురం నుంచి వచ్చేవాళ్ళం. ఇంగ్లీషులో ఉన్న ఒక్కొక్క ప్రశ్ననూ చదివి, తెలుగులో చెప్పి, మన జవాబు విని, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ "నిజమేనా?" అనేవారు. ఆ చూపుకు తట్టుకుని అబద్ధం చెప్పినవాళ్ళను నేను చూడలేదు. నేనే ఒకసారి, ఎన్ని మగ్గాలంటే నాలుగన్నాను. పక్కన నలుగురున్నారు కదా!

ఆయన కలం కింద పెట్టేశారు. "మీ అన్న మగ్గాలు మీ అన్నవి. నీవి రెండే. అప్లికేషను ముందర మీసం తిప్పకూడదు, ముదలాళీ."

మా దగ్గర మిల్లు యజమానిని ముదలాళీ అంటారు. రెండు మగ్గాలవాణ్ణి ఆయన చివరిదాకా అలాగే పిలిచారు. అరుగంతా నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి.

మా అమ్మాయికి మదురైలో డాక్టరు చదువుకు సీటు వచ్చినప్పుడు ఊరంతా మెచ్చుకుంది. నాకు మాత్రం రెండు రోజులు అన్నం దిగలేదు. అయిదేళ్ళ చదువు, హాస్టలు, పుస్తకాలు! టీచరు ట్రైనింగుకు పోతానులే నాన్నా అని తనే అన్నది. ఆ మాట ఎలా తెలిసిందో, మిట్టమధ్యాహ్నం రైటరయ్య సైకిలు తోసుకుంటూ మా ఇంటికి వచ్చారు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"ఢిల్లీలో సర్కారు ఆపీసొకటి ఉండాది. బాగా చదివే పిల్లలకు అప్పిస్తుంది. ఉద్యోగం వచ్చినాక మెల్లగా కట్టుకోవచ్చు. తాయికి నేను రాస్తాను." మా అమ్మాయిని ఆయన ముద్దుగా తాయీ అనే పిలిచేవారు.

"ఢిల్లీ అప్పా? కట్టలేకపోతే మగ్గం ఎత్తుకుపోతారేమో రైటరయ్యా!"

"నీ మగ్గం ఎత్తుకుపోయి ఢిల్లీవాడు ఏం చేస్తాడప్పా? వాడికి నేసేది వచ్చునా? నువ్వు కట్టుగుడ్డ నేస్తావు. నీ కూతురు గాయానికి కట్టు కట్టనీ."

ఆయన రాశారు. ఎదురుచూశాం. అప్పు ఇస్తామని ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. దానితో పాటు ఒక బాండు కూడా. నేను సంతకం పెట్టాలి, ఇంకొకరు జామీను ఉండాలి, తాసిల్దారు సీలు పడాలి. చెప్పిన తేదీకి ఢిల్లీ చేరకపోతే ఆ సాయం జాబితాలో తరువాతి పిల్లకు పోతుంది. ఆ చివరి వాక్యాన్ని ఆయన నాకు రెండుసార్లు చదివి వినిపించారు. జామీనుకు తానే సంతకం పెట్టారు. ఎండలో నన్ను వెంటబెట్టుకుని శ్రీవిల్లిపుత్తూరుకు బస్సులో వచ్చి తాసిల్దారు సీలు కూడా వేయించారు.

"రేపు తపాలాపీసు తెరవంగానే రిజిస్టరు చెయ్యి. మడత పెట్టొద్దు" అని నా చేతికిచ్చారు.

ఇక్కడే నా తెలివి చూడండి. మా ఇళ్ళలో పెళ్ళి పత్రిక అయినా, కొత్త చీర అయినా, పొలం దస్తావేజు అయినా నాలుగు మూలలా పసుపు పెట్టందే బయటికి పంపం. పిల్ల బతుకు మార్చే కాయితాన్ని బోసిగా ఎలా పంపడం? అమ్మాయి వాళ్ళమ్మ, మా ఆడమనిషి, "సర్కారు కాయితమయ్యా, వద్దు" అని చెప్తూనే ఉంది. వింటేనా! సంతోషంలో పసుపులో నీళ్ళు ఎక్కువ పోశాను. వేలితో మూలలకు అద్ది, దేవుడి పటం ముందర పరిచాను. తెల్లారి చూస్తే ఒక మూల పసుపు పారి తాసిల్దారు సీలు మీదికి ఎక్కింది. తడిగుడ్డతో తుడిచాను. పసుపుతో పాటు సగం సీలూ వచ్చేసింది.

అమ్మాయి చూసింది. మగ్గం దగ్గరికి వెళ్ళి తెగిన పోగుల కోసం వెతుకుతూ కూర్చుంది. ఒక్క పోగూ తెగలేదు.

ఆ కాయితం పట్టుకుని బడికి పరుగెత్తాను. తిడతారనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. రైటరయ్య దాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు. వాసన చూశారు.

"అడడా! కుంకుమ మరిచిపోయినావే ముదలాళీ?"

ఆ మాటకు నాకు ఏడుపు వచ్చేసింది. "ఇంకో బాండు రాయించుదాం. తాసిల్దారు కాళ్ళు పట్టుకుంటాను."

"తాసిల్దారు క్యాంపు పోయినారు. వచ్చేది సోమవారం. అప్పుడు పంపితే తేదీ దాటిపోతుంది. ఉండు."

తెల్ల కాయితం తీసి ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. రాసి, ఎప్పటిలాగే, తెలుగులో చెప్పారు. "అయ్యా, ఈ కాయితం మీద ఉండేది మరక కాదు. మా వైపు శుభకార్యం కాయితాలకు తండ్రి పసుపు పెడతాడు. ఈ తండ్రి సంతోషంలో కొంచెం ఎక్కువ పెట్టినాడు. సీలు సగం పోయినా, అది ముందు సరిగా పడిందని నేను కళ్ళారా చూసినాను, దానికి నేను పూచీ. తప్పు పిల్లది కాదు." అని చెప్పి, కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశారు.

"నిజమేనా?"

"నిజం రైటరయ్యా."

"ఢిల్లీవాళ్ళు ఒప్పుకుంటారా?" అని మళ్ళీ నేనే అడిగాను.

"కవరు చింపేవాడూ మనిషే గదప్పా. వాడికీ ఇంట్లో ఒక అమ్మ ఉంటుంది."

ఆయన పూచీ పడితే ఆయన ఉద్యోగానికే మాట రావచ్చునని నాకు అప్పుడు తట్టలేదు. ఎన్నో రోజుల తరువాత మా ఆడమనిషి చెబితే తెలిసింది. ఆయన మాత్రం ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

మూడు వారాలు తపాలాయన సైకిలు గంట వినిపిస్తే చాలు, మా ఇంట్లో మగ్గం ఆగేది. చివరికి కవరు వచ్చింది. విప్పకుండా బడికి తీసుకుపోయాను. ఆయన చదివారు, రెండోసారి చదివారు, కుర్చీలో వెనక్కి వాలారు.

"బాండు అందిందంట. అంతా సరిగా ఉందంట. తాయిని మదురైకి పంపమంటున్నారు."

"పసుపు సంగతో?"

"ఒక్క మాట లేదు. మర్యాద తెలిసినోళ్ళు!"

ఆ రోజు బడి వరండాలో ఇద్దరం నవ్విన నవ్వుకు క్లాసుల్లోంచి పంతుళ్ళు తొంగిచూశారు. ఢిల్లీలో ముక్కూ మొహం తెలియని ఎవరో ఒక గుమాస్తా మా అమ్మాయి మీద దయ చూపాడు. ఆ దయ దాకా దారి చూపించినది మా రైటరయ్య.

అయిదేళ్ళు గడిచాయి. పోయిన సోమవారం రిజల్టు వచ్చింది. మా అమ్మాయి పాసయింది, డాక్టరయింది! బుధవారం, అంటే ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, తను ఊరికి రాగానే ఇద్దరం ఆయన ఇంటికి వెళ్ళాం. ఆయన బాగా చిక్కిపోయారు. అరుగు మీద పడక కుర్చీలో ఉన్నారు. తను కాళ్ళకు దండం పెట్టబోతే అడ్డుపడ్డారు.

"డాక్టరమ్మలు కాళ్ళు పట్టకూడదు తాయీ, చెయ్యి పట్టాల. రా, నాడి చూడు. డాక్టరైనాక నీ మొదటి కేసు నేనే."

"ఫీజు ఇస్తారా తాతా?" అన్నది మా అమ్మాయి నవ్వుతూ.

"మీ నాన్న దగ్గర తీసుకో. ముదలాళీ గదా."

తను అరుగు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఆయన మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించింది. రెండో చేతి గడియారం వైపు చూస్తూ లెక్కపెట్టసాగింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. సన్నముల్లు ఒక చుట్టు తిరిగి వచ్చింది, మళ్ళీ బయలుదేరింది. గడియారం ఉన్న చెయ్యి ఒళ్ళోకి దిగిపోయింది కాని, ఆ మూడు వేళ్ళూ అక్కడినుంచి కదలలేదు. ఆయనా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.