ఇద్దరికీ ఒక సిగార్

మా బావ సిగార్‌ను నూలు చుట్టిన కోన్‌ను చూసినట్టు చూసేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా నొక్కుకుంటూ పోయేవాడు. ఎక్కడైనా గడ్డకట్టినట్టు తగిలితే పక్కన పెట్టేవాడు.

“గీడ బిర్రుగ చుట్టిండ్రు బావా. పొగ గుంజరాదు.”

మరీ మెత్తగా దిగబడినా పక్కకే. నొక్కినచోట కొంచెం లోపలికి పోయి మళ్ళీ తనంతట తాను పైకి రావాలి. పై ఆకు మీద చీలిక ఉండకూడదు, లావు ఈనెలు ఉండకూడదు, చేతికి కాస్త నూనె జిడ్డు తగలాలి. చివరికి కాల్చే కొసను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. దుకాణం కాకా నవ్వేవాడు. ఆ గుజరాతీ ముసలాయనకు పాన్, సుపారీలే అసలు బేరం. సిగార్లు అటకమీద చెక్కపెట్టెలో, తడి స్పాంజి ముక్కతో పాటు ఉండేవి. “ధీమే, భాయ్, ధీమే,” అని మెల్లగా పట్టుకోమనేవాడు, బావ గట్టిగా నొక్కుతాడేమోనని. బావ వేళ్ళ సంగతి ఆయనకు తెలియదు. పాతికేళ్ళు పోగు తెగకుండా చూసుకున్న వేళ్ళు అవి.

బావ అంటే నా భార్యకు అన్న. ఆయనకు నేనూ బావనే కాబట్టి ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఇద్దరం సూరత్ ఖటోదరాలో ఒకే కార్ఖానాలో సాంచాల మీద పనిచేశాం. మరమగ్గాన్ని మా ఊరివైపూ సాంచా అనే అంటారు, సూరత్‌లోనూ అదే మాట. అందుకే వచ్చిన కొత్తలో ఆ ఒక్క మాట మాకు భాష నేర్చుకునే బాధ తప్పించింది. ఆయన సాంచాలు నడిపేవాడు, నేను చెడిపోయినవి బాగుచేసే మాస్టర్‌ను. ఇళ్ళు పర్వత్ పాటియాలో, ఒక గల్లీ తేడాతో.

సిగార్ మాకు కొత్త మిషన్లతో పాటు వచ్చింది. వాటిని బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు పని అయిపోయిన రోజు నా భుజం తట్టి ఒకటి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నేను బీడీ మానేసి అప్పటికి మూడేళ్ళు. ఇంట్లో దాచి, ఆదివారం బావను మేడమీదికి పిలిచాను.

“ఏందిది? దొర చుట్టనా?” అన్నాడు బావ.

బీడీ లాగినట్టు లోపలికి లాగాం. ఇద్దరం కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని దగ్గుతుంటే నా భార్య కింది నుంచి పరుగెత్తుకొచ్చింది. ఆ తర్వాత కాకా చెప్పగా తెలిసింది, ఆ పొగ గొంతు దిగేది కాదని, నోట్లో ఉంచుకుని వదిలేసేదని. మాటిమాటికీ పీల్చకూడదు. నిమిషానికి ఒక్కసారి, అంతే. అగ్గిపుల్ల గీశాక గంధకం మంట పోయేదాకా ఆగాలి, అప్పుడు మంటకు తగలకుండా పైన తిప్పుతూ అంచు అంతా ఎర్రబడేట్టు చేయాలి. ఖాళీ కడుపుతో ముట్టుకోకూడదు. పెద్దది కొనుక్కుంటే గొప్పగా ఉంటుంది గానీ సగంలోనే నాలుక మండుతుంది, మాలాంటివాళ్ళకు పొట్టిదే మేలు. చివరి మూడోవంతు చేదెక్కుతుంది, అప్పుడు నలిపేయకుండా పక్కన పెడితే దానంతట అదే ఆరిపోతుంది. నల్లగా ఉన్నదల్లా ఘాటని అనుకున్నాను చాలాకాలం. కాదు, నల్ల ఆకులో ఒక్కోసారి బెల్లం తీపి ఉంటుంది.

నెలకు రెండు ఆదివారాలు, మధ్యాహ్నం భోజనం అయ్యాక, ఇద్దరికీ కలిపి ఒకటి. పక్కన టీ. ఒకరు నాలుగు దమ్ములు లాగి ఇంకొకరికి అందించేవాళ్ళం. మాటలు పెద్దగా ఉండేవి కాదు. వారమంతా సాంచాల చప్పుడులో అరిచి అరిచి మాట్లాడినవాళ్ళకు ఊరుకోవడమే సుఖం.

తరువాత కరోనా వచ్చి అన్నీ మూతబడ్డాయి. అంతవరకు నేను ఖటోదరాలో నిశ్శబ్దం వినలేదు. సాంచాలు ఆగిన మూడోరోజుకు చెవులు హోరుమన్నాయి. బావ కొన్ని వారాలు చూశాడు. తర్వాత భార్యనూ, కూతురినీ, అల్లుణ్ణీ తీసుకుని మా జిల్లావాళ్ళు మాట్లాడుకున్న బస్సులో ఊరికి బయల్దేరాడు. నన్ను మాత్రం కార్ఖానా యజమాని శేఠ్ ఉండమన్నాడు. మిషన్లకు తుప్పు పట్టకుండా రెండు రోజులకోసారి నూనె పెట్టి తిప్పాలి. బస్సు ఎక్కే ముందు బావ దూరంగా నిలబడే అడిగాడు.

“డబ్బల ఇంకెన్ని ఉన్నయి?”

“రెండు.”

“నేనొచ్చేదాంక ఒకటి ఉంచు.”

స్టీలు డబ్బా మూతలో తడి గుడ్డ పెట్టి ఆ రెండు సిగార్లూ దాచుకున్నాను. వైశాఖం ఎండకు గుడ్డ గంటలోనే ఆరిపోయేది. రోజూ తడిపేవాణ్ణి. వేరే పని లేదు. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక మేడమీద ఒకటి ముట్టించాను. రెండు దమ్ములు లాగి కిందికి చూశాను. గల్లీ మొగన అన్నం పొట్లాల కోసం వరస. మా కార్ఖానాలో సాంచాలకు నూలు చుట్టిన బీములు ఎక్కించే ఒరిస్సా అతను ఆ వరసలో ఉన్నాడు, చేతిలో పళ్ళెం లేక పాలిథిన్ సంచి పట్టుకుని. తల ఎత్తి నన్నూ, నా చేతిలో ఉన్నదాన్నీ చూశాడు. నమస్తే మాస్టర్ అన్నాడు. నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. అది చేతిలోనే ఆరిపోయింది.

వానాకాలం ముగిసేసరికి సాంచాలు ఒక్కొక్కటే మొదలయ్యాయి. బావ తిరిగి వచ్చాడు, బాగా చిక్కిపోయి. మొదటి ఆదివారం మేడమీద రెండు కుర్చీలు దూరదూరంగా వేసుకున్నాం. మిగిలిన ఒక్క సిగారూ బయటికి తీశాను. ఒకరి ఎంగిలి ఒకరు తాగే రోజులు కావు కదా అని బ్లేడుతో నడుమకు కోశాం. కోసిన చోటి నుంచి నా ముక్క పై ఆకు విడిపోయి కొబ్బరాకులా వేలాడింది. బావ ఉమ్మితో అతికించుకోమన్నాడు. కాస్త అతికింది. నాలుగు దమ్ములకు నోటి నిండా పొగాకు తునకలు.

“గిట్లైతే లాభం లేదు బావా,” అన్నాడు ఆయన తన ముక్కను కింద పెడుతూ. “ఇదేదో మందు తాగినట్టున్నది.”

చలికాలమంతా భయం తగ్గుతూ వచ్చింది. మూతిగుడ్డలు గడ్డం కిందికి దిగాయి. హోళీ ముందు ఒక ఆదివారం కాకా దగ్గర మంచి సరుకు దొరికింది. కాఫీ రంగు ఆకు, ఈనె లేదు, వేలికి పట్టులా ఉంది. బావ పెట్టె మొత్తం వెతికి అది ఏరాడు. మేడమీద ముట్టించి మొదటి పొగ వదిలాను. ఎండలో వేసిన చెక్కపొట్టు వాసన, వెనక కొంచెం తీపి. ఏడాది తర్వాత దక్కిన రుచి. ఆయనకు అందించబోయాను. బావ చేయి చాపి వెనక్కి తీసుకున్నాడు.

“వద్దులే. నువ్వు తాగు.”

“ఏం గాదు, పట్టు బావా. అంతా అయిపాయె గద.”

పట్టుకున్నాడు. ముప్పావుగంట సేపు అది మా ఇద్దరి మధ్యా తిరిగింది. అంత బాగా కాలిన సిగార్ మళ్ళీ చూడలేదు.

నాలుగో రోజు నాకు ఒళ్ళు నొప్పులు, అయిదో రోజు ఆయనకు జ్వరం. కార్ఖానాలో అప్పటికే పదిమంది మంచం పట్టారని తర్వాత తెలిసింది. నాది ఇంట్లోనే తగ్గింది. బావకు ఊపిరి అందలేదు. ఆసుపత్రిలో చోటు కోసం అల్లుడు ఆటోలో రెండు చోట్లకు తిప్పి మూడో చోట చేర్చాడు. నేను గది తలుపు వేసుకుని పడుకుని ఫోన్ చూస్తూ ఉండేవాణ్ణి. అక్క, అంటే బావ భార్య, రోజుకోసారి చేసేది. బావకు ఆక్సిజన్ ఎంత పెట్టారో చెప్పి పెట్టేసేది. ఒకరోజు పెట్టేయలేదు.

“తమ్మీ, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఆ దినం మేడమీద ఇద్దరు ఒకటే తాగిండ్రా?”

“తాగినమక్కా.”

అక్క ఫోన్ పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

నా ముక్కు ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. నా భార్య తెచ్చిన చారు వేడిగా ఉంది, అంతే తెలిసింది. సబ్బు వాసన చూశాను, కర్పూరం చూశాను. సిగార్ల డబ్బా మూత తీసి ముక్కు దూర్చాను. ఖాళీ డబ్బాలో కూడా ఎప్పుడూ పొగాకు వాసన ఉండేది. రేకు చల్లదనం తప్ప ఏమీ లేదు.

బావ మూడు వారాల తర్వాత ఇంటికి వచ్చాడు. మంచం నుంచి గుమ్మం దాకా నడిచి ఆగి, గోడ పట్టుకుని, మళ్ళీ నడిచేవాడు. పొగ మాట ఎత్తవద్దని డాక్టరు చెప్పాడు, దూది ధూళిలో పని కూడా వద్దన్నాడు. నేను చూడటానికి పోయిన రోజు అక్క టీ ఇచ్చి లోపలికి పోయింది. నేనే మొదలుపెట్టాను.

“బావా, నాదే తప్పు. నువ్వు వద్దంటే నేనే ఇచ్చిన.”

ఆయన ఊపిరి కూడదీసుకుని, ఒక్కో మాట మధ్య ఆగుతూ చెప్పాడు.

“మా లైన్ల నా పక్కసాంచా ఆయన... పదిదినాలు దగ్గుకుంటనే నడిపిండు. నాకు నువ్విచ్చినవో... నేనే నీకిచ్చిన్నో... ఎవలకెరుక? ఊకో.”

ఊరుకున్నాను. కానీ ఆయన వెనక్కి తీసుకున్న ఆ చేయి ఇప్పటికీ కనిపిస్తుంది. ఎవరికెరుక అన్న మాట నిజమే, అయినా అది మనసుకు సరిపోదు.

ఆ ఏడాది నాకు తిండి మీద, పని మీద, దేనిమీదా ఆసక్తి లేదు. పొద్దున లేవగానే అలసట. నాలుగు నెలలకు వాసన తిరిగి రావడం మొదలైంది గానీ తప్పుడు వాసనలు. టీ కాలిన రబ్బరులా, ఉల్లిగడ్డ పాత నూనెలా. ఒక ఆదివారం కాకా దుకాణానికి పోయాను. పెట్టె ముందు పెట్టాడు. ఒకటి తీసి నొక్కాను, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెట్రోలు. ఇంకొకటి. పెట్రోలు. దండం పెట్టి వచ్చేశాను. ఏరుకోవడమే సగం ఆనందమని అప్పటిదాకా నాకు తెలియదు.

బావను కూతురూ అల్లుడూ సూరత్ బయట ఉన్న కడోదరాకు తీసుకుపోయారు. అక్కడ ఒక మిల్లులో కూర్చుని చేసే పని దొరికింది. మడతపెట్టిన బట్ట తాన్లకు చీటీలు అతికించడం. మంచి మనుషులు, మధ్యలో పడుకోనిస్తారని చెప్పాడు. నేను నెలకోసారి హైవే మీద దిగి పోతుంటాను. రెండోసారి పోయినప్పుడు ఆయనే అడిగాడు.

“కాకా దుకాణం ఉన్నదా? తాగుతున్నవా?”

“ముక్కే లేదు, ఏం తాగుడు?”

“నాకున్నది గద. తీస్కరా. నేను చూసి చెప్త.”

అక్క వింటూనే ఉంది. వద్దంటుందేమో అనుకున్నాను. “ముట్టిచ్చుడు మాత్రం ఈడ కాదు,” అని లోపలికి పోయింది.

కాకాను బతిమాలి నాలుగు తీసుకుపోయాను, మిగిలినవి తిరిగి ఇచ్చే షరతు మీద. బావ గుమ్మంలో వెలుతురుకు కూర్చుని ఒక్కొక్కటీ నొక్కాడు. వాసన చూడటానికి గట్టిగా పీల్చబోతే దగ్గు వచ్చింది. ఆగి, చిన్నచిన్నగా పీల్చాడు. మూడోది పక్కకు తీశాడు.

“ఇది. గడ్డివామి లెక్క వాసన. జర ఎండిన ఈతపండు. మిగిలినయి పాతవి.”

ఆ మరుసటి ఆదివారం మేడమీద ముట్టించి ఆయనకు ఫోన్ చేశాను. అప్పటి నుంచి అదే పద్ధతి. ఆయన ఏరుతాడు, నేను తాగి చెబుతాను. మొదటిసారి చెప్పడానికి ఏమీ లేదు, నాలుక మీద వేడి, పెదవికి ఆకు గరుకుదనం, అంతే. అదే చెప్పాను. తర్వాతి నెలల్లో తడి గోనెసంచి లాంటిది తెలిసింది, ఆపైన మిరియాల మంట. తీపి ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

నిన్న ఆదివారం కూడా చేశాను. ఈ పద్ధతికి మూడో ఏడు నడుస్తోంది. సగం కాలేసరికే నాకు చాలనిపించింది. ఈమధ్య అంతే, కూర్చోవడానికి కూడా ఓపిక ఉండటం లేదు. పక్కన పెట్టేశాను.

“ఎట్లున్నది?” అన్నాడు బావ.

“మంచిగనే ఉన్నది. సగమే తాగిన.”

“ఎందుకు, బిర్రుగున్నదా?”

“లేదు. నాకే పాణం బాగలేదు. రేపు పొద్దుగాల ఆరు సాంచాలు విప్పాలె.”

“అయితే పండుకో పో,” అన్నాడు. కానీ ఫోన్ పెట్టలేదు. అటువైపు చీటీలు సర్దుతున్న చప్పుడు, మధ్యలో ఆయన ఊపిరి. ఆదివారం కూడా మిల్లు పని ఇంటికి తెచ్చుకున్నట్టున్నాడు. నేనూ పెట్టలేదు. ఆరేసిన బట్టలు తీయడానికి నా భార్య మేడమీదికి వచ్చింది. ఎవరని అడిగితే మీ అన్న అని చెప్పాను. ఫోన్ తీసుకుని, అన్నా తిన్నవా అని అడుగుతూ కిందికి దిగిపోయింది.