జీపుకు మిగిలిన బ్రేక్ ఆయిల్

పోయినేడు మా మనుమరాలు గాయత్రి ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నది. రేసుల ట్రాక్ మీద నడపాలని మా తెలకపల్లి ఇంట్లోనే దాన్ని సిద్ధం చేసుకుంది. కారు బరువు తగ్గాలని వెనుక సీట్లు పీకేసింది, కొత్త టైర్లు వేసింది. చివరికి బ్రేక్ ఆయిల్ కూడా కొత్తది కొంటానంటే నాకు కోపం వచ్చింది. మా జీపుకు పోయగా మిగిలిన ఆయిల్ కొట్టంలో ఉంది. డబ్బా మూత పోతే, పచ్చడి జాడీకి కట్టినట్టు బట్ట కట్టి రెండేళ్లుగా దాచాను.

"అది గాలిల తేమను గుంజుకుంటదవ్వా, పనికిరాదు" అంది.

"నూనెల నీళ్లు ఏడనన్న కలుస్తయా? నాకే నేర్పుతవా? గదే పొయ్యి!" అన్నాను.

పోసింది.

ట్రాక్ దగ్గరికి నేనూ వెళ్లాను. నాలుగో చుట్టులో కారు మలుపు దగ్గర ఆగక గోడను గుద్దింది. ఆయిల్‌లోని తేమ వేడికి మరిగి బ్రేకు పట్టలేదని మెకానిక్ చెప్పాడు. గాయత్రి కుడి మోకాలు ఇక వంగదని దవాఖానలో డాక్టరు చెప్పాడు.

"తెల్సి తెల్సి ఎందుకు పోసినవే బిడ్డా?" అని ఏడ్చాను.

"పోయకుంటే నువ్వు ఊకుంటవా అవ్వా?" అని అటు తిరిగి పడుకుంది.

ఇంట్లో నా మాటకు ఎదురు లేదని ఇన్నేళ్లూ గర్వపడ్డాను. ఇప్పుడు ఎవరు ఎదురు చెప్పినా వింటాను. కానీ ఆ మోకాలు వంగదు.