వాలీబాల్ నెట్టు దగ్గర నా డెమో క్లాసు

పాప నిద్రపోయాకే నాకు రాసుకోవడానికి వీలు దొరుకుతుంది. ఆ డెమో క్లాసు సంగతి మర్చిపోకముందే రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

బందరులో మేముండే వీధికి కాస్త దూరంలో ఒక ఇంగ్లీషు మీడియం స్కూలుంది. పాపకు రెండేళ్లు నిండాక, అక్కడ ఆరో తరగతికి ఇంగ్లీషు టీచరు కావాలని విని వెళ్లాను. పెళ్లికి ముందు బి.ఏ. ఫస్టు క్లాసులో పాసయ్యాను. ఆ తర్వాత ఇల్లు, పాప, పాలడబ్బాలు, జ్వరాలు. ఇంగ్లీషు మాట్లాడదామన్నా ఎదురుగా ఎవరూ లేరు. ఆ ఉద్యోగం రాకపోతే చదివిందంతా నాలోనే ఇంకిపోతుందని భయంగా ఉండేది.

కరస్పాండెంట్ గారు, అంటే ఆ స్కూలు యజమాని, నా సర్టిఫికెట్లు తిరగేసి "తెలుగు మీడియమా అమ్మా?" అన్నారు.

"అవునండీ."

"మనం చదవడం వేరు, పిల్లల చేత మాట్లాడించడం వేరు. రేపు డెమో చెప్పండి, చూద్దాం."

పాఠం కూడా ఆయనే ఇచ్చారు. ఒకప్పుడు చేయగలిగినవి, ఇప్పుడు చేయగలిగేవి, ఇకముందు చేయగలగబోయేవి ఇంగ్లీషులో చెప్పడం.

మర్నాడు పాపను ఎదురింటి పిన్నిగారికి అప్పగించాను. ఒళ్లు వెచ్చగా ఉన్నట్టనిపించి, గేటు దాటినదాన్ని వెనక్కి వచ్చి మళ్లీ నుదురు ముట్టి చూశాను. "దానికేం జ్వరం లేదు. నీకే ఉన్నట్టుంది. వెళ్లు తల్లీ," అందావిడ.

కరస్పాండెంట్ గారు వెనక బెంచీ మీద కూర్చున్నారు. బోర్డు మీద కుడ్, కెన్, విల్ బీ ఏబుల్ టు అని రాసి, వివరించి, ఒక్కొక్కరినీ ఏదైనా చెప్పమన్నాను. "ఐ కెన్ స్విమ్," అన్నాడు మొదటివాడు. రెండోవాడూ అదే. మూడో అమ్మాయీ అదే. గైడులో ఉన్న వాక్యం అది. నిజంగా ఈత ఎంతమందికి వచ్చని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. వెనక బెంచీ కిర్రుమంది.

ముందు నేనొక నిజం చెబితే తప్ప వీళ్లు చెప్పరనిపించింది. ఎనిమిదేళ్లప్పుడు నేను చేపల వల బాగుచేయగలిగేదాన్నని ఇంగ్లీషులో చెప్పాను.

క్లాసంతా నవ్వింది. ముందు వరసలో రెండు జడల పిల్ల "ఉత్తిదే టీచర్!" అంది. ఇంగ్లీషులో అడగమన్నాను. కాసేపు పైకప్పు కేసి చూసి, "కెన్ యూ నౌ, టీచర్?" అంది.

"ఐ కెన్," అన్నాను. అనేశాను గానీ, వల ముట్టుకుని ఎన్నేళ్లయిందో!

కిటికీలోంచి వాలీబాల్ నెట్టు కనబడుతోంది. మధ్యలో బంతి దూరిపోయేంత చిల్లు. పిల్లలు కూడా అటే చూశారు. "చూపించండి టీచర్!" అని ఒకటే గోల. నేను కరస్పాండెంట్ గారి వంక చూశాను.

"కానివ్వండమ్మా. ఎటూ కొత్తది కొందామనుకుంటున్నా," అన్నారు, నవ్వాపుకుంటూ.

అందరం గ్రౌండులోకి వెళ్లాం. అటెండరు నైలాను దారం తెచ్చిచ్చాడు. వల అల్లే సూది లేదు కాబట్టి దారాన్ని పెన్సిలుకు చుట్టుకున్నాను. పిల్లలు నెట్టును రెండు వైపులా బిగించి పట్టుకున్నారు. మొదటి ముడి జారిపోయింది. "అయ్యో," అన్నారెవరో. మా ఊరి ఇసుకలో నాన్న కాలి బొటనవేలికి వల తగిలించుకుని కూర్చోవడం గుర్తు తెచ్చుకున్నాను. రెండో ముడి బిగిసింది. ఆ తర్వాత వేళ్లు నన్నడగకుండానే నడిచాయి.

అల్లుతూనే ఒక్కొక్కరినీ అడిగాను. ఈసారి గైడు ఎవరికీ గుర్తు రాలేదు. ఒకడు చిన్నప్పుడు వీధి చివరిదాకా వినబడేలా ఏడవగలిగేవాడట. ఒకమ్మాయి గేదె మీద ఎక్కి తిరగగలిగేది, గేదెను అమ్మేశారు కాబట్టి ఇప్పుడు కుదరదట. ఇంకొకడు కొబ్బరిచెట్టు ఎక్కగలడు. "బట్ మై ఫాదర్ డజ్ నాట్ నో," అని గొంతు తగ్గించాడు. ఒక పిల్ల వచ్చే ఏడాదికి వాళ్ల అమ్మమ్మకు వాచీలో టైము చూడటం నేర్పగలదట. తప్పులు లేకపోలేదు. అయినా ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుతున్నారు.

నెట్టులో ఆఖరి గడి అల్లి దారం పంటితో తెంపాను. కరస్పాండెంట్ గారు నెట్టు పట్టుకుని గట్టిగా లాగి చూశారు.

"ఎవరు నేర్పారమ్మా?"

"మా నాన్నండీ. కృత్తివెన్ను అవతల మా ఊరు. సముద్రం మీద వేటకెళ్తారు." అంతమంది ముందు ఆ మాట చెబుతుంటే నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

రెండు జడల పిల్ల ఇంకా వదల్లేదు. "టీచర్, పాస్ట్ చెప్పారు, ప్రెజెంట్ చేశారు. మరి ఫ్యూచర్?"

దానికి జవాబు చెప్పాల్సింది కరస్పాండెంట్ గారు. నేను అటు చూశాను. నాతోపాటు క్లాసంతా అటే చూసింది. ఆయన గొంతు సవరించుకుని, "షి విల్ బీ ఏబుల్ టు టీచ్ యూ," అన్నారు. కాస్త ఆగి, "ఫ్రమ్ మండే," అన్నారు. పిల్లలు నెట్టు వదిలేసి చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చేసరికి పాప పిన్నిగారు పెట్టిన పప్పన్నం మూతికి పూసుకుని ఆడుకుంటోంది. ఒళ్లు చల్లగానే ఉంది. దాన్ని చంకనేసుకుని ఎస్టీడీ బూతుకు వెళ్లి, మా ఊరి కొట్టుకు ఫోను చేసి నాన్నను పిలిపించాను.

"ఉద్యోగం వచ్చింది నాన్నా."

"ఇంగ్లీషులో బాగా అడిగారా?"

"వల బాగుచేయించారు." జరిగిందంతా చెప్పాను.

"ముడి జారలేదు కదా?"

"మొదటిది జారింది. తర్వాత జారలా."

"మొదటిది నాకూ జారుద్దిలే," అన్నాడు. ఫోను పెట్టేయకుండానే కొట్లో వాళ్ల వైపు తిరిగినట్టున్నాడు. "మా అమ్మాయేరా! బందరులో ఇంగ్లీషు పంతులమ్మ!" అని అరవడం నాకు స్పష్టంగా వినబడింది.